పైలట్ కోడలా? పడుకోనివ్వండి!

హైదరాబాదు నుంచి రాజమండ్రికి చిన్న ఏటీఆర్ విమానంలో వెళితే మీకు గంట ప్రయాణమే. నడిపే పైలట్‌కి మాత్రం రోజుకి అలాంటివి నాలుగుండొచ్చు! డ్యూటీ ఎక్కేముందు మద్యం ఛాయ లేదని శ్వాస పరీక్ష తప్పదు. కెప్టెన్, కో-పైలట్ చెరో రకం భోజనం చేయటం ఆనవాయితీ. తిండి వికటించినా ఇద్దరూ ఒకేసారి పడిపోకూడదుగా!

ఆడవాళ్లకిది కొత్తేం కాదు. 1985లోనే సౌదామినీ దేశ్‌ముఖ్, నివేదితా భాసిన్ కలకత్తా నుంచి సిల్చార్‌కి ఫాకర్ విమానం నడిపారు. సిబ్బంది అంతా ఆడవాళ్లే!

ఈ ఉద్యోగానికి నిద్రే పెట్టుబడి. తెల్లవారుజామున డ్యూటీ ఉంటే రాత్రి ఎనిమిదింటికే పడుకోవాలి. కోడలు పెందలాడే పడుకుందని మూతి ముడవకండి. టీవీ సౌండు తగ్గించండి. ఆ నిద్రని నమ్ముకుని డెబ్బైమంది విమానం ఎక్కుతారు మరి!