కారుపై రసాయనం పోస్తే ఏం చేయాలి?

పార్కింగ్ స్థలం గురించి మాటామాటా పెరగడం, పాత కక్ష, పనిలోనుంచి తొలగించారన్న కోపం - కారణం ఏదైనా, రాత్రివేళ ఇంటి ముందు నిలిపిన కారుపై రసాయనం పోసే దుశ్చర్యలు మన దేశంలో అప్పుడప్పుడు వెలుగులోకి వస్తున్నాయి. 2023 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని నోయిడాలో, ఒక నివాస సముదాయంలో కార్లు కడిగే వ్యక్తి తనను పనినుంచి తొలగించారన్న అక్కసుతో అనేక కార్లపై యాసిడ్ పోసినట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతోనో, బ్యాంకు అప్పుతోనో కారు కొనుక్కున్న కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు.

తాళంచెవితో గీత గీస్తే నష్టం ఆ క్షణంలోనే ముగుస్తుంది. రసాయనం సంగతి వేరు. పోసినవాడు వెళ్లిపోయిన తరువాత కూడా అది తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఈ ఒక్క విషయం గ్రహిస్తే తెల్లవారగానే మనం ఏమి చేయాలో, ఆ తరువాత పెయింటింగ్ షెడ్డులో ఏమి జరిగేలా చూసుకోవాలో రెండూ తేటతెల్లమవుతాయి.

రంగు అంటే ఒకే పొర కాదు

కారు ఉక్కు రేకుపై ముందుగా తుప్పును అడ్డుకునే పూత ఉంటుంది. దానిపై ప్రైమర్, ఆపై అసలు రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. కంపెనీలో వేసిన ఈ పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందమే. అంటే సుమారు రెండు తలవెంట్రుకల మందం. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు మాత్రమే. ఎండనూ వాననూ కాచుకునే కవచం అదే. రసాయనం మొదట దెబ్బతీసేదీ దానినే.

ఏ రసాయనం ఏమి చేస్తుంది?

మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ అని పిలిచే ద్రవంలో, డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఈథర్లతో తయారవుతాయి. ఇవి రంగులోకి ఇంకి దానిని మెత్తబరుస్తాయి. కొన్ని గంటలలో రంగు ముడతలుపడి, ఉబ్బి, వేలితో తాకితేనే ఊడివచ్చే స్థితికి చేరుతుంది. అయితే ఈ ద్రవం నీటిలో కలిసిపోతుంది కనుక వెంటనే కడిగితే చాలావరకు తొలగిపోతుంది.

రంగు ఊడదీయడానికి వాడే పెయింట్ రిమూవర్ ఇంకా వేగంగా పనిచేస్తుంది. నిమిషాలలోనే పొక్కులు లేస్తాయి. థిన్నర్, అసిటోన్ వంటివి క్లియర్ కోట్ మెరుపును చంపి, ప్లాస్టిక్ బంపర్లను, హెడ్‌లైట్ల అద్దాలను మసకబారుస్తాయి, పగుళ్లు తెస్తాయి. బ్యాటరీలోని సల్ఫ్యూరిక్ యాసిడ్, మరుగుదొడ్లు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ రంగుపై తెల్లటి మచ్చలు వదులుతాయి. రేకు బయటపడిన చోట తుప్పుకు దారి తీస్తాయి. ఎండవేడిమికి ఈ చర్యలన్నీ మరింత వేగం పుంజుకుంటాయి.

మొదటి గంటలో

అన్నిటికంటే ముందు పిల్లలను కారు దగ్గరికి రానివ్వకండి. పోసినది యాసిడ్ కావచ్చు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు, కాళ్లకు బూట్లు లేకుండా పెద్దలు కూడా తాకరాదు. ఒంటిపై పడితే వెంటనే ధారాళంగా నీటితో కడుక్కుని వైద్యుణ్ణి సంప్రదించాలి.

కడగడానికి ముందు ఒక్క నిమిషం వెచ్చించి, తేదీ, సమయం నమోదయ్యేలా నాలుగువైపుల నుంచి ఫొటోలు తీయండి. దగ్గరలో ఖాళీ సీసా, డబ్బా ఉంటే ముట్టుకోకుండా వాటి ఫొటో కూడా తీయండి. పోలీసులకు, బీమా సంస్థకు ఇవే ఆధారాలు.

తరువాత గుడ్డతో తుడవకండి. చాలామంది చేసేది ఇదే. తుడిస్తే రసాయనం పాడుకాని భాగానికి కూడా పాకుతుంది, మెత్తబడిన రంగు గుడ్డతోపాటే లేచివస్తుంది. కారును నీడకు చేర్చి, పైపుతో పైనుంచి కిందికి కనీసం పది పదిహేను నిమిషాలపాటు ధారాళంగా నీరు పోయండి. తలుపుల సందులు, రబ్బరు అంచులు, బానెట్ కింది గాడి మరువవద్దు. ద్రవం దాక్కునేది అక్కడే. పోసినది యాసిడ్ అని తెలిస్తే, ఒకసారి కడిగిన తరువాత లీటరు నీటిలో రెండు చెంచాల తినే సోడా కలిపి పోసి, మళ్లీ మంచినీటితో కడగాలి. ఏది పోశారో తెలియనప్పుడు నీరు, కారు షాంపూ చాలు. థిన్నర్‌తోనో పెట్రోలుతోనో శుభ్రం చేయబోతే మిగిలిన రంగు కూడా పోతుంది.

నష్టం ఎంత లోతు?

కడిగిన తరువాత ఒకటి రెండు రోజులు గమనించండి. ఆ రోజు బాగున్నట్లు కనిపించిన చోట మరుసటి రోజు పొక్కు లేవవచ్చు. మెరుపు మాత్రమే తగ్గి, గోటితో గీరితే నునుపుగా తగిలితే దెబ్బ క్లియర్ కోట్ పైభాగానికే పరిమితమని అర్థం. 2000, 3000 నంబరు నీటి ఎమ్రీ పేపరుతో తేలికగా రుద్ది, కాంపౌండ్, పాలిష్ పడితే సరిపోతుంది. ఇది కూడా చేయి తిరిగినవారే చేయాలి. అతిగా రుద్దితే ఆ సన్నని కవచమే అరిగిపోతుంది.

ముడతలు, పొక్కులు ఉన్నా, బూడిదరంగు ప్రైమరో రేకో బయటపడినా పాలిష్‌తో పని జరగదు. ఆ భాగానికి తిరిగి రంగు వేయవలసిందే.

షెడ్డులో జరగవలసిన పని

ఇక్కడ తొందరపాటు ఖరీదైనది. రసాయనం ఇంకిన పాత పొర కింద మిగిలి ఉండగానే కొత్త రంగు కొడితే, వారాలలోనే అదే చోట మళ్లీ ఉబ్బుతుంది. కనుక మెత్తబడిన రంగునంతటినీ గట్టి పొర తగిలేవరకు గీకి తీసివేయాలి. గోటితో నొక్కితే దిగబడే రంగు ఏ కొద్దిగా మిగిలినా పని పూర్తికానట్లే. అవసరమైతే రేకు వరకు వెళ్లాలి. రేకు కనిపిస్తే తుప్పు తొలగించి ముందుగా ఎపాక్సీ ప్రైమర్, పల్లమున్న చోట లప్పం, ఆపై మళ్లీ ప్రైమర్, చివరికి బేస్ కోట్, క్లియర్ కోట్ వేయాలి. తలుపు అంచునో బానెట్ లోపలో అతికించిన పట్టీపై రంగు కోడ్ ఉంటుంది. దాని ప్రకారమే రంగు కలపమనండి. మెటాలిక్ రంగులలో తేడా కొట్టొచ్చినట్లు కనిపించకుండా పక్క భాగంలోకి కూడా కొంత కలిపి కొడతారు. అది అనవసరపు ఖర్చు కాదు.

డబ్బు మిగులుతుందని ఇంటి ఆవరణలో స్ప్రే చేయించడం మంచిది కాదు. క్లియర్ కోట్‌లో కలిపే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హానికరం, ఉబ్బసానికి దారితీయగలవు. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట ఇది అసలే తగదు. పని పూర్తయ్యాక సుమారు నెలరోజులు వ్యాక్స్ పూయకుండా ఉంటే కొత్త రంగు చక్కగా గట్టిపడుతుంది.

బీమా, ఫిర్యాదు

దురుద్దేశంతో చేసిన నష్టం సమగ్ర బీమాలో వర్తిస్తుంది. కేవలం థర్డ్ పార్టీ బీమా ఉంటే పైసా రాదు. సంస్థకు తెలియజేసి, సర్వేయర్ చూడకముందే రిపేరు మొదలుపెట్టవద్దు. పెయింటింగ్ బిల్లు 20,000 రూపాయలు ఒకే మొత్తంగా ఉంటే, అందులో 25 శాతాన్ని, అంటే 5,000 రూపాయలను సామగ్రి ఖర్చుగా లెక్కించి, దానిలో సగం తరుగుగా మినహాయిస్తారు. 1,500 సీసీ లోపు కారుకు తప్పనిసరి మినహాయింపు మరో 1,000 రూపాయలు. అంటే మీరు భరించేది సుమారు 3,500 రూపాయలు. జీరో డిప్రిసియేషన్ తీసుకున్నవారికి తరుగు బాధ ఉండదు. అయితే క్లెయిము చేస్తే మరుసటి ఏడు నో క్లెయిమ్ బోనస్ పోతుంది. చిన్న నష్టమైతే రెండూ లెక్కవేసుకుని నిర్ణయించుకోండి.

పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నకలు తీసుకోండి. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం ఇది నేరం. నష్టం 20,000 నుంచి లక్ష రూపాయల లోపు ఉంటే రెండేళ్ల వరకు, లక్ష, ఆపై ఉంటే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అందువల్ల షెడ్డు ఇచ్చే ఖర్చు అంచనాను కూడా ఫిర్యాదుకు జతచేయడం మంచిది.

ఆధారం లేని అనుమానం

పాడైన కారును చూడగానే మనసు ఎవరో ఒకరి పేరు చెబుతుంది. నిన్న గొడవపడిన పొరుగువాడు, మొన్న మానిపించిన పనివాడు గుర్తుకువస్తారు. నోరు జారి నింద వేస్తే, అది అబద్ధమని తేలిన తరువాత కూడా ఆ రెండు ఇళ్ల మధ్య రాకపోకలు పాతదారికి రావు. నోయిడాలో కారు యజమానులు ఊహలపై ఆధారపడలేదు. సీసీటీవీ దృశ్యాలు చూసిన తరువాతే బాధ్యుణ్ణి గుర్తించారు. మీ వీధిలోని దుకాణాలు, ఇళ్ల కెమెరాల రికార్డు కొద్దిరోజులకే చెరిగిపోతుంది కనుక, ఆ రోజే వెళ్లి దాచిపెట్టమని మర్యాదగా అడగండి. దానిని పోలీసులకు అప్పగించి, పేరు చెప్పే పని వారికి వదలండి. ఇంట్లో పిల్లల ముందు కూడా ఎవరి పేరూ ఎత్తకండి. వారు రేపు అదే వీధిలో, ఆ ఇంటి పిల్లలతోనే ఆడుకోవాలి.