గోడకు మళ్లీ మళ్లీ అదే చోట బీటలా..? పుట్టీ పెట్టేముందు కింద మట్టి సంగతి చూడండి!

ఎండలు ముదరగానే గోడపై సన్నటి గీత. వానలు పడ్డాక మూసుకుపోతుంది. మళ్లీ వేసవి వస్తే అదే చోట బీట..! కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో చాలా ఇళ్లలో కనిపించే సమస్య ఇది. ప్రతిసారీ పుట్టీకి, పెయింట్‌కు డబ్బులు పోస్తున్నా గీత మాత్రం పోవట్లేదంటే.. లోపం పైపూతలో కాదు, పునాది కింద మట్టిలో ఉండొచ్చు.

ఎందుకిలా జరుగుతుంది?

కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలలు ఎక్కువ. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు పడేది ఇందుకే. ఇంటి కింద ఉండేదీ అదే మట్టి. బయటి అంచుల్లో మట్టి త్వరగా ఎండుతుంది, నడిమధ్య తేమ నిలుస్తుంది. దీంతో పునాది అంతా ఒకేలా కదలదు. ఆ తేడానే గోడపై పగులుగా బయటపడుతుంది. ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్ పునాదులను రూర్కీలోని సీబీఆర్ఐ రూపొందించింది.

ఏ పగులు దేనివల్ల?

* వలలా అల్లుకున్న వెంట్రుకవాసి గీతలు: ప్లాస్టరింగ్ మరీ త్వరగా ఆరిపోయింది. 40 డిగ్రీల ఎండలో సరిగా నీళ్లు కొట్టకపోతే ఇలాగే అవుతుంది. ఇవి ప్రమాదకరం కాదు.
* పిల్లర్, ఇటుక గోడ కలిసే చోట నిలువు గీత: రెండూ వేడికి వేర్వేరుగా సాగుతాయి. ఇక్కడ మెష్ వేయకుండా పూసి ఉంటారు.
* తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా వెళ్లే పగులు: పునాది కదిలి ఉండొచ్చు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

వెడల్పు కూడా ముఖ్యమే. 1 మిల్లీమీటరు లోపు ఉంటే సన్నవి, 1 నుంచి 2 వరకు మధ్యస్థం, 2 దాటితే వెడల్పాటి పగుళ్లని బీఐఎస్ 1984 నాటి చేతిపుస్తకం విభజించింది.

పెన్సిల్‌తో చిన్న పరీక్ష

పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. మధ్యలో వెడల్పు కొలిచి పక్కనే రాసిపెట్టండి. ఒక వేసవి, ఒక వానాకాలం గమనించండి. మార్పు లేకపోతే అది నిలిచిపోయిన పగులు. తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటే కదిలే పగులు. రెండింటికీ మందు ఒకటి కాదు.

రిపేరు ఎలా చేయాలి?

వానలు తగ్గి గోడ ఆరాక, ఎండ ముదరకముందు, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం.

1. ముందు గోడను వేలితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే అక్కడి పాత ప్లాస్టరింగ్ మొత్తం తీసేయాలి.
2. పగులును ఉలితో వీ ఆకారంలో కాస్త వెడల్పు చేసి, బ్రష్‌తో దుమ్ము దులపాలి.
3. నిలిచిపోయిన పగులైతే గాడిని తడిపి, జల్లించిన ఇసుక, సిమెంటు కలిపిన మాలు లేదా రెడీమేడ్ క్రాక్ ఫిల్లర్ నింపాలి. మాలు నింపితే వారం రోజులు తడి ఆరనివ్వొద్దు. తడి గోనెపట్టాలు కప్పితే ఇంకా మంచిది.
4. కదిలే పగులైతే సిమెంటు పనికిరాదు. మళ్లీ విరుగుతుంది. గాడి ఆరాక, సాగే గుణం ఉన్న అక్రిలిక్ సీలెంట్ నింపి, పైన ఫైబర్ మెష్ టేప్ అంటించాలి.
5. పూర్తిగా ఆరాకే పుట్టీ, పెయింట్. పుట్టీ పలుచని పూతకే తప్ప పగులు నింపడానికి కాదు.

పాత మట్టి మిద్దెలు, సున్నపు గార గోడలపై సిమెంటు రుద్దించొద్దు. గట్టి సిమెంటు పూత కింద తేమ చిక్కుకుని పెచ్చులూడుతుంది. మట్టికి మట్టి, గారకు సున్నమే సరిపోతుంది.

నీళ్లను ఆపకపోతే అంతా వృథా

స్నానాల గది నీళ్లు, వాన నీళ్లు గోడ పక్కనే ఇంకుతుంటే ఎన్నిసార్లు పూసినా లాభం లేదు. ఇంటి చుట్టూ దాదాపు మీటరు వెడల్పున కడప బండలో, బేతంచెర్ల నాపరాళ్లో బయటికి వాలుగా పరిపించండి. సందుల్లో సిమెంటు నింపించండి. పునాదిని ఆనుకుని పెద్ద చెట్లు పెంచొద్దు.

ఎప్పుడు ఇంజినీరును పిలవాలి?

పగులు గోడకు రెండువైపులా కనిపించినా, నెలనెలా పెరుగుతున్నా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోతున్నా, గోడ పక్కకు ఒరిగినా బేల్దారితో పూయించి ఊరుకోవద్దు. వెంటనే సివిల్ ఇంజినీరుకు చూపించండి. మట్టి మిద్దెల్లో ఉండేవారు ముసురు పట్టినప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. గోడ ఒరుగుతున్నట్టు అనిపిస్తే ముందు ఇల్లు ఖాళీ చేయండి.. రిపేరు సంగతి తర్వాత!