పెరటిలో ఓనమాలు



నాలుగేండ్ల బిడ్డకు అక్షరములు త్వరగా పట్టుపడనిచో "వీడికి చదువు అబ్బదు" అని ఇరుగుపొరుగువారు తేల్చివేయుచుందురు. ఆ మాట బిడ్డ చెవిని పడును. పడిన పిదప వాడును దానినే నమ్మును. వ్రేళ్లకు బలపము పట్టు బలమైనను రాకముందే యిట్టి తీర్పు చెప్పుట యెంత అన్యాయమో తల్లులమైన మనము ఆలోచింపవలసియున్నది. శిశువు మొదట చదువునది లోకమును. పుస్తకము తరువాతి మాట. చూచిన వస్తువునకు పేరును, పేరునకు అక్షరమును వరుసగా అందిచ్చినచో చదువు బరువు కాదు. ఈ వరుస తలక్రిందులగుటయే పెక్కు కష్టములకు మూలమని మా యభిప్రాయము.

ఇది క్రొత్త మాట కాదు. జర్మనీ దేశమున ఫ్రోబెల్ పండితుడు 1837లో పసిబిడ్డలకొక విద్యాలయము స్థాపించి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరిడెను. ఆ మాటకు 'పిల్లల తోట' యని యర్థము. ప్రతి బిడ్డకును తనదను చిన్న మడి యొకటి యుండవలెనని ఆయన మతము. మన దేశమున రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనమున బడి నెలకొల్పి చెట్లనీడనే పాఠములు చెప్పించెను. గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును ప్రారంభించి, దండనను విడిచి, కథకును ఆటకును పెద్దపీట వేసెను.

వారి బడులు మనకు దూరమైనను వారి పద్ధతి మన పెరటికి దూరము కాదు. పెరడు లేనివారికి మేడమీది రెండు కుండీలు చాలును.

పసివారికి ఓర్పు తక్కువ గావున మొదట మెంతులు చల్లింపవలెను. రాత్రి నానవేసి తడిగుడ్డలో మూటగట్టినచో రెండు మూడు దినములలో తెల్లని మొలక కనబడును. పిదప బెండ. వారము దినములకు మొలకెత్తి, ఇంచుమించు నలువది దినములకు నడుమ ముదురెరుపు గల పసుపుపచ్చని పువ్వు పూయును; పూచిన ఐదారు దినములకు కాయ కూరకు వచ్చును. బిడ్డ దినదినము పుల్లతో మొక్కను కొలిచి గోడపై గీత గీసినచో లెక్కలును వచ్చును. నీరు పోయ మరచినచో మొక్క వాడును. అతిగా పోసినచో వేరు కుళ్లును. మనము కోపపడ నక్కరలేదు. మొక్కయే బుద్ధి చెప్పును.

కరివేప మొక్కయొక్కటి యున్నను అదియొక పాఠశాలయే. దాని యాకులపై ఒకజాతి సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టును. పుట్టిన పురుగు మొదట పక్షిరెట్టవలె కనబడి శత్రువుల కన్నుగప్పును, పెరిగి ఆకుపచ్చనగును, తాకినచో తలవెనుకనుండి కొమ్మువంటిదానిని వెలికి చాచి ఘాటైన వాసన విడుచును. పిమ్మట కొమ్మనంటి కదలక యుండి, కొలది దినములకు రెక్కలతో వెలువడును. పోపునకు నాలుగు రెబ్బలు తగ్గినను చింతలేదు; ఆ పురుగును బిడ్డ కొరకు ఉండనిండు. తొలకరి వానలకు ఆరుద్రపురుగు కనబడినప్పుడు దాని కాళ్లు లెక్కింపుమనుడు. చీమకు ఆరు, దీనికి ఎనిమిది. కాని ఆ సంఖ్యను మనము ముందుగా చెప్పరాదు. బిడ్డ కనుగొని మనకు చెప్పవలెను.

పంతులుగారి యిల్లగుటచే మా యింటికి పిల్లల రాకపోక లధికము. అందొక ఐదేండ్ల బాలుడు పలకను చూచిన పారిపోవువాడు. తాను నాటిన మొలకను ఎవరైనను పెరికివేయుదురని వానికి దిగులు. ఒకనాడు, "పిన్నిగారూ! ఇది కలుపు కాదని వ్రాసి పెట్టండి" అని యడిగెను. అట్టముక్కపై 'బెండ' అని వ్రాసియిచ్చితిమి. రెండవ కుండీకి తానే చూచి వ్రాసికొనెను. వాని తొలి యక్షరము లవియే. అక్షరముతో తనకు పనియున్నదని తెలిసిననాడు వాడు పారిపోలేదు.

రాత్రి భోజనమైన పిదప పది నిమిషములు బిడ్డను ఒడిలో నుంచుకొని, పదముల క్రింద వ్రేలు జరుపుచు చదువుడు. పగటి చూపునకు రాత్రి చదువు తోడు కావలెను. తాటిచెట్టున వ్రేలాడు గిజిగాని గూడు చూపిననాడు జాషువ కవి 'గిజిగాడు' పద్యములు వినిపింపుడు. తామరకొలను చూచిననాడు పోతనగారి గజేంద్రమోక్షము మేలు. పంక్తి పంక్తికి "ఇదే యక్షరము?" అని పరీక్షింపరాదు, పరీక్షతో కథ చెడును.

అన్నము తినిపించుటకు చేతిఫోను చూపు నలవాటు నేడు ఇల్లిల్లా కలదు. అందు పువ్వు క్షణములో విచ్చును; పెరటిలో నలువది దినములు పట్టును. ఆ నలువది దినములే బిడ్డకు ఓర్పు నేర్పును. మరియొక మాట. మగబిడ్డకు చూచి ప్రశ్నించు హక్కును, ఆడుబిడ్డకు నీరు మోయు పనిని పంచిపెట్టరాదు. ఇరువురికిని మడి యుండవలెను, ఇరువురి ప్రశ్నకును జవాబుండవలెను.

దీనికి ధనము వలదు, గొప్ప పాండిత్యము వలదు. గుప్పెడు మెంతులును, పాతకుండయు, రాత్రి పది నిమిషముల తీరికయు చాలును. తెలియని ప్రశ్న వచ్చినచో "రమ్ము, ఇద్దరము చూతము" అనుటకు ఏ తల్లియు సంకోచింపనక్కరలేదు.