రంగుకు కొలత ఉందా?

విద్యార్థులారా! ఆగస్టు 15కు జాతీయ జెండా బొమ్మను కంప్యూటరులో వేశారనుకోండి. ఒక సాఫ్ట్‌వేర్‌లో కాషాయం నిండుగా ఉంది. అదే ఫైలును మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే వెలసినట్టుంది. బద్వేలు బజారులో ఫ్లెక్సీ వేయిస్తే ఇటుక రంగుకు తిరిగింది. ఫైలు ఒక్కటే కదా, రంగు ఎందుకు మారింది?

నిజానికి ఆ ఫైలులో రంగే లేదు! ఉన్నవి అంకెలే. బొమ్మలోని ప్రతి చుక్కకూ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడేసి సంఖ్యలుంటాయి. సాధారణంగా అవి 0 నుండి 255 వరకు. ఎరుపు 255 అంటే "నీ దగ్గరున్న ఎరుపునంతా వెలిగించు" అని ఆజ్ఞ. కాని అన్ని తెరల ఎరుపూ ఒకటి కాదు.

మల్లెపూలు మూరల లెక్కన కొంటాం. మూడు మూరలంటే ఎంత? కొలిచే చేతిని బట్టి ఉంటుంది. సంఖ్య ఒక్కటే చాలదు. ఎవరి మూరో తెలియాలి.

రంగులకు అందరూ ఒప్పుకున్న కొలబద్ద 1931లో ఏర్పడింది. రైట్, గిల్డ్ అనే శాస్త్రజ్ఞులు ఇంగ్లండులో మొత్తం 17 మంది చూపును పరీక్షించి రాబట్టిన లెక్కలే దానికి ఆధారం. పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా సమర్పించారు. స్వతంత్ర భారత జెండా రంగులను 'ఐ.ఎస్. 1' అనే ప్రమాణ పత్రం ఈ కొలబద్దతోనే నిర్ణయించింది. అందులో కాషాయం విలువలు ఎక్స్ 0.538, వై 0.360. ఏ అద్దకం వాడినా రంగు అక్కడికే రావాలి.

కంప్యూటర్లకూ ఈ ఉపాయమే పనికొచ్చింది. "ఈ అంకెలు ఫలానా మూరతో కొలిచినవి" అని చెప్పే చీటీని ఫైలులో ఉంచుతారు. దాని పేరు ప్రొఫైల్. ఇందుకోసం 1993లో ఐ.సి.సి. అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. మంచి సాఫ్ట్‌వేర్ ఆ చీటీ చదివి, అంకెలను ఉమ్మడి కొలబద్దలోకి మార్చి, అక్కడి నుండి మీ తెరకు తగిన అంకెలుగా తిరగరాస్తుంది. ఇదే కలర్ మేనేజ్‌మెంట్.

చీటీ చూడని సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒకే మూరగా భావిస్తుంది. అడోబ్ ఆర్‌జీబీ మూర పొడవు, ఎస్‌ఆర్‌జీబీ మూర పొట్టి. పొడుగు మూరతో రాసిన అంకెలను పొట్టి మూరగా చదివితే రంగులు వెలవెలబోవా మరి!

ఇక అచ్చు సంగతి. తెర వెలుగునిస్తుంది; సిరా తనపై పడ్డ వెలుగులో కొంత మింగి, మిగిలినది పంపుతుంది. అందుకే కొన్ని మెరుపు రంగులు సిరాకు అసలు అందవు. ఏ చీటీ కూడా వాటిని తెచ్చి పెట్టలేదు; దగ్గరి రంగును ఎంచుకోవడానికి మాత్రం సాయపడుతుంది.

కాబట్టి ఫైలు ఇచ్చేటప్పుడు ప్రొఫైల్‌ను ఉంచండి. ముందుగా చిన్న ముక్క అచ్చు వేయించి, పగటి వెలుగులో చూసి, ఆ తర్వాతే పెద్దది వేయించండి.