చిల్లకంపకు జిగురు కడియం

మాఘమాసం ఎండ. పర్చూరు నుంచి పెదనందిపాడు దాకా నల్లరేగడి మీద ఎటు చూసినా మిరప కల్లాలే, ఎర్రచీరలు ఆరేసినట్టు. గాలినిండా కోరు. కొత్తవాళ్లు తుమ్ముతారు, ఊరివాళ్లు నవ్వుతారు. ఆ కల్లం గట్టున ఎవరూ పట్టించుకోని చిల్లకంపలో అరచెయ్యంత తేనెపట్టు ఒకటి వేలాడుతుంటుంది. ఈసారి తేనెను వదిలేసి కొమ్మను చూడండి. పట్టుకు అటొకటి ఇటొకటి, కొమ్మ చుట్టూ మెరిసే జిగురు పట్టీలు. కడియాలు తొడిగినట్టు.

ఇది తేనెటీగల్లో బాగా బుల్లిది. శాస్త్రజ్ఞులు ఏపిస్ ఫ్లోరియా అంటారు. దీనికి తలుపుల్లేవు, గోడల్లేవు, ఆరుబయటే కాపురం. చీమలు రావడానికి ఉన్న దారి ఆ కొమ్మ ఒక్కటే. అందుకే రెండువైపులా జిగురు పూసి పెట్టుకుంటుంది. కాలు పెట్టిన చీమ అక్కడే అంటుకుపోతుంది.

మనం ఎరిగిన తుమ్మబంక నానబెడితే నీళ్లలో కరుగుతుంది. ఈ జిగురు కరగదు, గుగ్గిలం జాతిది. చెట్టు తన గాయం మూసుకోవడానికి, లేతమొగ్గను పురుగు నుంచీ బూజు నుంచీ కాచుకోవడానికి చేసుకున్న మందు. తేనెటీగ దాన్ని దవడలతో గిల్లి, పుప్పొడి మోసే వెనకకాళ్ల బుట్టల్లో పెట్టుకుని తెస్తుంది. ఎండకు జిగురు మెత్తబడిన వేళే ఈ పని. తీరా ఇంటికొచ్చాక బరువు దించుకోవడం తన వల్ల కాదు, తోటి ఈగలు పట్టి లాగాలి. పెట్టెల్లో పెంచే ఈగలు దానికి మైనం కలిపి గోడలకు మెత్తుతాయి. అదే ప్రోపోలిస్. గ్రీకులో ఆ మాటకు ఊరి ముందుండేది అని అర్థం చెబుతారు. మన పోలేరమ్మ పేరుకూ దీనికీ చుట్టరికం లేదు గానీ, చేసే కాపలా ఒకటే.

అన్ని ఈగలకూ ఈ అలవాటు ఒకేలా లేదు. పాత రాతిగోడల సందుల్లో ఉండే కొండిలేని చిన్న ఈగ ఇల్లంతా జిగురూ మైనంతోనే కడుతుంది, గుమ్మానికి గొట్టం కూడా పెడుతుంది. చెట్టుతొర్రల్లో ఉండే మన దేశవాళీ ఈగ మాత్రం దీని జోలికి దాదాపు పోదు. సీసాల్లో అమ్మే ప్రోపోలిస్ ఎక్కువగా పెట్టెల్లో పెంచే సీమ ఈగ, ఏపిస్ మెల్లిఫెరా కూడబెట్టిందే.

అసలు వింత ఇక్కడుంది. 2006లో తేనెటీగ జన్యుపటం చదివినప్పుడు, రోగంతో పోరాడే జన్యువులు పండ్ల ఈగకు ఉన్నవాటిలో మూడో వంతే కనిపించాయి. వేల ప్రాణాలు ఒకే ఇరుకింట్లో ఒకదానినొకటి రాసుకుంటూ బతికే జాతి ఇంత తక్కువ ఆయుధాలతో ఎలా నెగ్గుకొస్తోంది? అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మార్లా స్పివాక్ బృందం పెట్టెల లోపలి గోడలకు చెట్టుజిగురు సారం పూసి చూసింది. ఆ పెట్టెల్లోని ఈగల ఒంట్లో బాక్టీరియా తగ్గింది, రోగనిరోధక జన్యువుల హడావుడి కూడా తగ్గింది. 2009లో ఈ ఫలితం అచ్చయింది. ఇంటికి మందు పూస్తే ఒంటికి శ్రమ తప్పిందన్నమాట. పిల్లపురుగులకు బూజురోగం అంటిస్తే ఈగలు జిగురు కోసం మరింతగా పరుగెత్తాయని 2012లో అదే బృందం చూపింది.

మరి మనిషికో? ఈ జిగురు మంట తగ్గిస్తుందంటారు. మంట సంగతి గుంటూరు వాళ్లకు ఒకరు చెప్పాలా! మిరపకాయ మంట నరానికి మోగే దొంగగంట; ఆ గంట ఆనవాలు 1997లో పట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వాపుతో వచ్చే మంట వేరు. అక్కడ కణం లోపల ఎన్ఎఫ్-కప్పాబి అనే మీట పడుతుంది. యూరప్ ప్రోపోలిస్‌లో ఉండే కేప్ అనే పదార్థం ఆ మీటను అడ్డుకుంటుందని 1996లో తేలింది. మనుషుల మీద చేసిన కొన్ని చిన్న పరీక్షల్లో రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ కాస్త దిగింది. అంతవరకు నిజం. ఆ కాస్త ఆధారంతో ఇమ్యూనిటీ పెంచే అమృతమని అమ్మడం వ్యాపారం. కొందరికి ఇది చర్మం మీద దద్దురు తెప్పిస్తుంది కూడా.

ఇంకో తిరకాసు. యూరప్ ఈగలు జిగురు తెచ్చేది ప్రధానంగా పాప్లర్ మొగ్గల నుంచి. బ్రెజిల్ పచ్చ ప్రోపోలిస్ బకారిస్ పొద నుంచి వస్తుంది, అందులోని ముఖ్యమైన సరుకు ఆర్టెపిల్లిన్-సి. ఇండోనేసియా ప్రోపోలిస్‌లో మామిడి జిగురు దొరికింది. చెట్టు మారితే మందూ మారుతుంది. ఉత్త ప్రోపోలిస్ అని రాసిన సీసా, ఉత్త మిరపకాయలు అని రాసిన టిక్కీ లాంటిది. తేజానా, 334నా, బాడిగా అని అడక్కుండా మిర్చియార్డులో ఎవరైనా ధర కడతారా?

మన చేలలో ఇంకో లెక్క కూడా ఉంది. 2021లో నల్లతామర పురుగు మిరపను ఊడ్చేసినప్పుడు రైతులు కొట్టని మందు లేదు. రైతును తప్పుపట్టలేం, పైరు కళ్లముందే పోతుంటే ఆగడం ఎవరి తరం? కానీ మైనం, జిగురు కలిసిన ప్రోపోలిస్ పురుగుమందుల అవశేషాలను తనలో దాచుకుంటుంది. చేలో కొట్టింది సీసాలో తేలవచ్చు. పత్తి పూత మీద లేదు కదా అనుకుని కొట్టడమూ పొరపాటే. పత్తి ఆకు అడుగున ఈనె మీద తేనె ఊరుతుంది, పువ్వు లేకపోయినా ఈగలు దానికోసం వస్తాయి.

కాబట్టి రైతన్నలకు రెండు మాటలు. మందు కొట్టక తప్పకపోతే ఈగలు ఇంటికి మళ్లాక, పొద్దువాలే వేళ కొట్టండి. గట్టు శుభ్రం చేసేటప్పుడు కొమ్మకు జిగురు కడియం కనిపిస్తే ఆ ఒక్క చిల్లకంపనూ నరక్కుండా వదిలేయండి.