విలేకరి అడిగిన ప్రశ్న

అమెరికాలో బేస్‌బాల్ అంటే జనానికి పిచ్చి. క్రికెట్ లాగే అది కూడా కర్రతో బంతిని కొట్టే ఆట. ఒకప్పుడు అక్కడి పెద్ద జట్లలో తెల్లవాళ్ళే ఆడేవారు. నల్లవాళ్ళను చేర్చుకునేవారు కాదు. అలాగని చట్టమేమీ లేదు. జట్ల యజమానులంతా ఒక్కటై అలా నడిపించారు.

వెండెల్ స్మిత్ నల్లజాతివాడు. 1914లో డెట్రాయిట్ నగరంలో పుట్టాడు. కుర్రతనంలో బంతి బాగా విసిరేవాడు. ఒక జట్టు మనిషి అతని ఆట చూసి మెచ్చుకున్నాడు. కానీ నల్లవాడివి కాబట్టి తీసుకోలేనన్నాడు. ఈ అన్యాయం పోవాలని స్మిత్ పట్టు పట్టాడు.

1937లో పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రికలో చేరాడు. అది నల్లవాళ్ళు నడిపే వారపత్రిక. ఆటల వార్తలు రాయడం అతని పని.

నల్లవాళ్ళను చేర్చుకుంటే తెల్ల ఆటగాళ్ళు ఊరుకోరని ఆట పెద్దలు చెప్పేవారు. ఇది నిజమేనా? 1939లో స్మిత్ ఆ ఆటగాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. నల్లవాళ్ళతో కలిసి ఆడతారా అని ఒక్కొక్కరినీ అడిగాడు. అభ్యంతరం లేదనే ఎక్కువమంది చెప్పారు. ఆ మాటలు పత్రికలో అచ్చయ్యాయి. పెద్దలు చెప్పింది వట్టి సాకని తేలిపోయింది.

1945లో బోస్టన్ జట్టు ముగ్గురు నల్ల ఆటగాళ్ళ ఆట చూసేలా ఏర్పాటు చేశాడు. జట్టు ఒక్కరినీ తీసుకోలేదు. స్మిత్ వదల్లేదు. ఆ ముగ్గురిలో ఒకడైన జాకీ రాబిన్సన్ పేరు బ్రూక్లిన్ జట్టు పెద్ద బ్రాంచ్ రికీకి చెప్పాడు. రికీ అతన్ని తీసుకుని, ముందు చిన్న జట్టులో ఆడించాడు.

1946లో రాబిన్సన్ ఆట సాధనకు ఫ్లోరిడా వెళ్ళాడు. స్మిత్ తోడుగా ఉన్నాడు. శాన్‌ఫర్డ్ అనే ఊళ్ళో బెదిరింపులు వచ్చాయి. రాత్రికి రాత్రే ఊరు విడవాల్సి వచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ బ్రూక్లిన్ పెద్ద జట్టులో ఆడాడు. దేశమంతా చూసింది.

స్మిత్‌కూ కష్టాలు తప్పలేదు. మైదానాల్లో విలేకరుల గదిలోకి నల్లవాళ్ళను రానిచ్చేవారు కాదు. జనం మధ్య కూర్చుని వార్తలు రాసేవాడు. 1948లో అతనికి బేస్‌బాల్ రచయితల సంఘంలో చోటు దొరికింది.

జట్లలో చేరినా నల్ల ఆటగాళ్ళకు ఫ్లోరిడాలో జట్టుతోపాటు హోటల్లో గది ఇచ్చేవారు కాదు. 1961లో స్మిత్ దాని మీద రాశాడు. తర్వాత ఒక్కో జట్టూ పద్ధతి మార్చుకుంది.

1972లో రాబిన్సన్ చనిపోయాడు. నెల తర్వాత స్మిత్ కూడా పోయాడు. 1993లో రచయితల సంఘం స్మిత్‌కు తన పెద్ద అవార్డు ఇచ్చింది.

అన్యాయం చేసేవాళ్ళ దగ్గర సాకు ఎప్పుడూ ఉంటుంది. అది నిజమేనా అని అడిగేవాళ్ళు కావాలి. విన్నది రాసేవాళ్ళు కావాలి. చదివేవాళ్ళూ కావాలి.