పడక పుండ్లు – రెండు గంటల వైద్యం

మీ బొటనవేలి గోరును మరో వేలితో గట్టిగా నొక్కి పట్టండి. గులాబి రంగులో ఉన్న గోరు తెల్లబడుతుంది. వదలగానే మళ్ళీ మామూలు రంగుకు వస్తుంది. నొక్కినప్పుడు అక్కడి రక్తం పక్కకు పోయింది. వదలగానే తిరిగి వచ్చింది. మరి వదలకుండా గంటల తరబడి అలాగే నొక్కి ఉంచితే ఏమవుతుంది? మంచాన పడిన రోగుల శరీరంలో సరిగ్గా ఇదే జరుగుతుంది.

మన కణాలకు ఆక్సిజన్‌నూ ఆహారాన్నీ అందించేవి కేశనాళికలు. అవి వెంట్రుక కంటే సన్ననివి. చేతి ధమనిలో రక్తపీడనం సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసం ఉంటే, కేశనాళిక మొదట్లో అది 30 చిల్లరే. అంతకు మించిన ఒత్తిడి బయటి నుంచి పడితే ఆ నాళికలు మూసుకుపోతాయి.

పీడనం అంటే ఏమిటో భౌతికశాస్త్రంలో చదువుకున్నారు కదా! బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే పీడనం. ఇటుకను ఇసుకపై పడుకోబెడితే అంతగా దిగబడదు, నిలబెడితే దిగబడుతుంది. ఇటుక బరువు మారలేదు, ఆనే చోటు తగ్గింది. మనిషి వెల్లకిలా పడుకున్నప్పుడు బరువు ఒళ్ళంతా సమానంగా ఆనదు. తల వెనుక భాగం, భుజాల ఎముకలు, నడుము కింది త్రికాస్థి, మడమలు – ఈ కొద్ది చోట్లే ఎక్కువ మోస్తాయి. అక్కడ ఎముకకూ పరుపుకూ మధ్య మాంసం నలుగుతుంది. రక్తం అందక కొన్ని గంటల్లోనే కణజాలం చనిపోవడం మొదలవుతుంది. తరచుగా ఎముకను ఆనుకున్న కండరమే ముందు దెబ్బతింటుంది. అందుకే పైకి రూపాయి బిళ్ళంత కనిపించే పుండు లోపల పిడికిలి పట్టేంత గుంతగా ఉండవచ్చు.

మరి రోజూ నిద్రపోయే మనకు ఈ పుండ్లు ఎందుకు రావు? నిద్రలో కూడా మన నరాలు కాపలా కాస్తుంటాయి. ఒకచోట ఒత్తిడి ఎక్కువైతే మెదడుకు కబురు పోతుంది, మనకు తెలియకుండానే పక్కకు ఒత్తిగిల్లుతాం. స్పర్శ పోయినవారికి ఆ కబురు అందదు. కాళ్ళు చేతులు ఆడనివారికి కబురు అందినా కదలలేరు.

మన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో అలాంటివారు తక్కువేమీ కాదు. మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుడి వెన్నుపాము తెగితే నడుము కింద స్పర్శ, కదలిక రెండూ పోతాయి. పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముక విరిగిన ముసలివారు ఉండనే ఉన్నారు. ఇక ఫ్లోరోసిస్ సంగతి. నల్గొండ జిల్లాలోని ఈ వ్యాధి గురించి 1955లోనే డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. అంతకు చాలా ఎక్కువగా ఉన్న బోరు నీటిని ఏళ్ళ తరబడి తాగితే వెన్నెముక బిగుసుకుపోతుంది, సంధి బంధనాలు ఎముకలా గట్టిపడతాయి. కొందరిలో వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ళు చచ్చుబడతాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీరు ఊళ్ళకు చేరింది. కాని మంచినీళ్ళు వచ్చినంత మాత్రాన బిగిసిన వెన్నెముక తిరిగి వంగదు. పాత రోగులను జాగ్రత్తగా చూసుకోవలసిందే.

ఒకప్పుడు వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామంది ఈ పుండ్లతో, మూత్రకోశ వ్యాధులతో త్వరలోనే చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఒక నియమం పెట్టారు: పగలనక రాత్రనక రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పవలసిందే. అందులో కొత్త మందేమీ లేదు. అయినా చావక తప్పదనుకున్నవారు బతికారు. చక్రాల కుర్చీలో కూర్చుని ఆటలు కూడా ఆడారు. ఆ ఆటలే నేటి పారాలింపిక్స్‌కు మూలం.

పుండు లోతుగా పడితే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ముందుగా చనిపోయిన కణజాలాన్ని కోసి తీసివేస్తారు. అది ఉన్నంతకాలం చీము పోదు, గాయం మానదు. గుంత పెద్దదైతే పక్కనున్న చర్మాన్నీ కండరాన్నీ కలిపి జరిపి కప్పుతారు. మొక్కను వేరుమట్టితో సహా తీసి మరోచోట నాటినట్టుగా, ఆ భాగానికి రక్తం తెచ్చే నాళాన్ని తెగకుండా కాపాడుతారు. నిమ్స్, ఉస్మానియా వంటి హైదరాబాదు ఆస్పత్రుల్లో ఇందుకు ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. అయితే ఒక్క మాట మరవరాదు. ఆపరేషన్ గుంతను పూడుస్తుంది, ఒత్తిడిని తీసివేయదు. రోగిని మళ్ళీ అదే వీపుపై కదలకుండా పడుకోబెడితే పుండు మళ్ళీ వస్తుంది.

కాబట్టి అసలు వైద్యం ఇంట్లోనే ఉంది. రోజుకోసారి వీపు, తుంటి, మడమలు పరీక్షగా చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. నొక్కినా తెల్లబడకపోతే అది తొలి హెచ్చరిక. నల్లని చర్మంపై ఎరుపు తెలియదు. అక్కడ వేడి, గట్టిదనం, చుట్టుపక్కల కంటే ముదురు రంగు చూడాలి. అలాంటి చోటును రుద్దకండి, ఆ పక్కకు పడుకోబెట్టకండి. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాలిలో ఉంటాయి. దుప్పటి ముడతలు పడకూడదు, తడిగా ఉండకూడదు. రోగిని ఈడ్చకుండా ఎత్తి జరపాలి. మాంసకృత్తులుంటేనే గాయం పూడుతుంది కనుక పప్పు, గుడ్డు, పాలు పెట్టాలి. పుండు పడితే బూడిద, ఆకు పసరు పూయకుండా డాక్టరుకు చూపాలి.

మీ ఇంట్లోనో పొరుగింట్లోనో ఎవరైనా మంచాన ఉన్నారా? అయితే ఒక కాగితంపై గడులు గీసి మంచం పక్క గోడకు అంటించండి. 6 గంటలు – కుడి పక్క. 8 గంటలు – వీపు. 10 గంటలు – ఎడమ పక్క. తిప్పినప్పుడల్లా గడిలో టిక్కు పెట్టండి. పగలు మీరు బడికి పోతే పెద్దలు చూసుకుంటారు. సాయంత్రం గడులు మీ వంతు.